ఫోర్ట్‌రోడ్ బాయ్స్ మొదటి డ్రమ్మరు

బందరు కోనేరు సెంటర్లో మైకుసెట్టు దస్తగిరి ఎవరని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పెళ్ళికి ఆయన మైకే, ఎలక్షనుకు ఆయన మైకే, చర్చి సభలకూ దర్గాలో ఉరుసుకూ కూడా ఆయన మైకే. కానీ ఆ పేరంటేనే ఆయనకు ఒళ్ళు మంట. "మైకుసెట్టు ఏంటండీ, నేను డ్రమ్మర్ని" అంటాడు. విన్నవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఇంట్లో భార్య మరియం అయితే నవ్వను కూడా నవ్వదు. "ఏవీ, ఆ డ్రమ్ములేవో చూపించండి మరి" అని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. డ్రమ్ములు ఉండేవి, బ్యాండూ ఉండేది. దాని పేరు ఫోర్ట్‌రోడ్ బాయ్స్. ఎర్రకోట్లు వేసుకుని పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు అనుకునేరు, ఇంగ్లీషు పాటలు పాడే రాక్ బ్యాండు! బందరులో ఇంగ్లీషు పాట ఎవరు వింటారని ఆలోచించే వయసా అది? గిటారు దేవదానం. బేస్ గిటారు కోదండరామయ్య, పాడేదీ వాడే. డ్రమ్ములు దస్తగిరి. ముగ్గురిదీ ఒకే కాలేజీ, ఒకే బెంచీ. పరీక్షలు తప్పడంలోనూ ఒకరికొకరు తీసిపోలేదు.

వాళ్ళకు ఆ సంగీతం అబ్బిన తీరు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఓడల్లో పనిచేసే దేవదానం మేనమామ ఒక క్యాసెట్టు తెచ్చిచ్చాడు. దేవదానం వాళ్ళది గూడూరు పక్క పల్లె. పొద్దువాలితే కరెంటు ఉండేది కాదు, టేప్‌రికార్డరు బ్యాటరీ సెల్లుల మీద నడవాల్సిందే. కొత్త సెల్లులు ఎవరు కొనిస్తారు? అయిపోయిన సెల్లులనే వడియాలు పెట్టినట్టు పెంకుల మీద ఎండబెట్టి, కాస్త ప్రాణం వచ్చాక మళ్ళీ వేసేవాళ్ళు. ఆ కాస్త ప్రాణానికి టేపు ఈడ్చుకుంటూ తిరిగేది. పాట ఎడ్లబండిలా సాగేది, పాడే దొర గొంతు బావిలోంచి వచ్చినట్టుండేది. ఆ పాటే అట్టా ఉంటుంది కాబోలనుకుని ముగ్గురూ కళ్ళు మూసుకుని తలలూపుతూ, ఆ నెమ్మదినీ ఆ లోతునీ అట్లాగే నేర్చేసుకున్నారు. కోదండరామయ్యది పుట్టుకతోనే బొంగురు గొంతు. "ఈ పాట నా కోసమే చేశార్రా" అని పొంగిపోయాడు పిచ్చివాడు.

వాళ్ళ బండారం గుడివాడలో బయటపడింది. అక్కడ ఒక కాలేజీ వార్షికోత్సవంలో ముగ్గురూ స్టేజీ ఎక్కి పాట ఎత్తుకున్నారో లేదో, వెనక వరసలోంచి ఎవడో కుర్రవాడు "ఎవరు పోయార్రా?" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. తలలు దించుకుని బస్టాండుకు వస్తుంటే దారిలో క్యాసెట్ల షాపులోంచి అదే పాట వినిపించింది. కరెంటు మీద నడుస్తోంది కదా, రైలుబండిలా దూసుకుపోతోంది. దేవదానం అక్కడే నిలబడి తల పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఏమవుతుంది, మార్పులే. పాటను అసలు వేగంలోకి తెద్దామన్నారు. కోదండరామయ్య గొంతు అంత పైకి అందలేదు. దస్తగిరి చేతులు అంత పరుగు అందుకోలేదు. "మన పాట మనకు ముద్దుగానే ఉందిగదరా" అని దస్తగిరి అంటే, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస" అన్నాడు దేవదానం. పెడన నుంచి దుర్గారావు వచ్చి డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. వాడి చేతులు వడగళ్ళవాన. గుడివాడ నుంచి హేమ అనే అమ్మాయి వచ్చి సినిమా పాటలు అందుకుంది. ఇక పెళ్ళిళ్ళు, ప్రోగ్రాములు, చేతినిండా పని. కోదండరామయ్యకు అవనిగడ్డలో వ్యవసాయ ఆఫీసులో ఉద్యోగం దొరికింది, బేస్ గిటారు అమ్మేసి దివిసీమ వెళ్ళిపోయాడు. దస్తగిరి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేకపోయాడు. బ్యాండును వదిలి ఉండలేక, స్టేజీ పక్కన మైకుల దగ్గర కూర్చున్నాడు. మైకుసెట్టు దస్తగిరి అయిపోయాడు.

బ్యాండు కూడా ఎప్పుడో ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆగనిది వాదన ఒక్కటే. ఆదివారం ఆరాధన అవగానే దేవదానం దస్తగిరి షాపుకు వస్తాడు. దుర్గారావు పెడన నుంచి బండి మీద వస్తాడు. టీలు, బజ్జీలు వస్తాయి, యుద్ధం మొదలవుతుంది.

"మనది లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా బావా. ఒప్పుకుంటే పోలా?" అంటాడు దుర్గారావు.

"నా చేతిలో గిటారు ఉన్నంతసేపూ అది రాక్ మ్యూజిక్కే," అంటాడు దేవదానం.

"తాళి కట్టేటప్పుడు వాయించేది రాక్ ఏంట్రా, సిగ్గులేకపోతే సరి! రాక్ అంటే మేం ముగ్గురం వాయించిందే. తర్వాతదంతా మేళం," అని దస్తగిరి గ్లాసు టక్కున పెడతాడు.

"ఎన్నో ఏళ్ళు వాయించిన నేను మేళగాణ్ణీ, ఏడాది తిరక్కుండా దిగిపోయిన నువ్వు డ్రమ్మరువీనా? నువ్వు ట్రయల్ బాల్‌వి బావా. లెక్కలోకి రావు."

గల్లీ క్రికెట్లో ఔటయినా లెక్కలేని మొదటి బంతి ఉంటుందే, అది! దస్తగిరి ముఖం మాడిపోయేది. దేవదానం వైపు చూసేవాడు. దేవదానం ఇటు ఇతనితోనూ వాయించాడు, అటు అతనితోనూ వాయించాడు. ఎవరివైపు చెబితే ఎవరికి కోపమోనని టీగ్లాసులోకి చూసుకునేవాడు. అవనిగడ్డ బస్సు దిగి ఎప్పుడైనా కోదండరామయ్య వస్తే మాత్రం, కుర్చీలో వెనక్కి వాలి, ఆ బొంగురు గొంతుతో "కొట్టుకోండి, కొట్టుకోండి, ఈలోగా మీ బజ్జీలు నేను తింటాను" అనేవాడు. దాంతో అందరూ నవ్వేసేవాళ్ళు.

నిరుడు వానల్లో కోదండరామయ్య పోయాడు. గుండెపోటు. రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. అప్పటినుంచి వాదనలో పస తగ్గింది గానీ దస్తగిరి లోపల గుబులు పెరిగింది. ముగ్గురిలో ఒకడు వెళ్ళిపోయాడు. మిగిలిన దేవదానం నోరు విప్పడు. తాను డ్రమ్మరునన్న మాట నలుగురిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనిపించుకోకుండానే పోతానా అని బెంగ. అరవైకి దగ్గరపడుతున్న మనిషికి ఇదేం కోరికని నవ్వుకుంటే నవ్వుకోండి. ఎవరి కోరిక వాళ్ళకు బంగారం.

ఈ వేసవిలో దేవదానం స్కూలు టీచరుగా రిటైరయ్యాడు. చర్చి హాల్లో పొద్దున పూట సన్మానం. గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో బ్యాండు ఫోటో ఉంది, డ్రమ్ముల వెనక దుర్గారావు పళ్ళికిలిస్తూ ఉన్నాడు. దస్తగిరి లేడు. "జాగా చాల్లేదురా" అని దేవదానం నసిగాడు. అంత ఫ్లెక్సీలో అరచేయంత ఫోటోకు జాగా లేదట! దస్తగిరి స్పీకరు బాక్సులు మోసి, వైర్లు లాగి, ఎప్పటిలాగే స్టేజీ పక్కన సౌండు మిక్సరు దగ్గర కూర్చున్నాడు.

ఆయన కూతురు సబా గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. తండ్రి బీరువాలో దాచుకున్న పాత క్యాసెట్టును, మొదటి ముగ్గురూ దేవదానం ఇంట్లో అరువు టేప్‌రికార్డరు మీద రికార్డు చేసుకున్న ఒకే ఒక్క పాటను, చెప్పకుండా తీసుకెళ్ళి క్లాస్‌మేట్ సాయితేజ చేత కంప్యూటర్లోకి ఎక్కించింది. నాన్నకు సర్‌ప్రైజ్ అని ఫోను మిక్సరుకు తగిలించింది. "కోదండరామయ్య అంకుల్ పాడిన పాట వినండి" అని మైకులో చెప్పింది.

పాట మొదలైంది. హాలు అదిరింది. డ్రమ్ములు గుర్రాల్లా పరిగెత్తుతున్నాయి. దస్తగిరి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఇది నేనేనా? పాట ఆగగానే కుర్రకారు ఈలలు వేశారు. దుర్గారావు స్టేజీ దిగి పరుగున వచ్చి కావిలించుకున్నాడు.

"ఇట్టా వాయించేవాడివని ఒక్కనాడన్నా చెప్పావా బావా? ఇన్నాళ్ళూ నిన్ను ట్రయల్ బాల్ అన్నాను. నా నోరు పడిపోనూ!"

దేవదానం మైకు అందుకున్నాడు. "మా ఫోర్ట్‌రోడ్ బాయ్స్ మొదటి డ్రమ్మరు, మా దస్తగిరి!" అన్నాడు. చప్పట్లు. ఆడవాళ్ళ వరసలో మరియం కూడా కొడుతోంది! దస్తగిరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అల్లా, ఇక చాలు అనుకున్నాడు.

ఆ చప్పట్ల మధ్య కోదండరామయ్య భార్య సావిత్రి నెమ్మదిగా లేచి మిక్సరు దగ్గరకు వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆయన పాట ఎప్పుడు వేస్తారండీ?"

"ఇప్పుడు వేసింది అదేనమ్మా."

"ఎవరో చిన్నపిల్లవాడు పాడినట్టుందండీ. ఆయన గొంతు అట్టా ఉండదు కదా." ఆమె ఇంకో అడుగు దగ్గరకు వచ్చింది. "ఫోన్లో కూడా ఎక్కడా మిగల్లేదండీ ఆయన మాట. ఇక్కడైనా వినిపిస్తుందని అవనిగడ్డ నుంచి వచ్చాను."

దస్తగిరి కూతురి వైపు తిరిగాడు. "టేపు పాతబడి సాగిపోయింది నాన్నా," అంది సబా. "అసలు ఇంగ్లీషు పాటతో పోల్చి సాయితేజ స్పీడు సరిచేశాడు. మాటలు అవీ ఉంటే తీసేశాడు."

టేపు సాగలేదు. వాళ్ళు పాడిందే అంత. ఆ సంగతి ఈ హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకడు దండలో మునిగిపోయి స్టేజీ మీద ఉన్నాడు. రెండోవాడు నోరు మూసుకుంటే చాలు, మొదటి డ్రమ్మరు. దస్తగిరి ఫ్లెక్సీ వైపు చూశాడు, ఇంకా చప్పట్లు కొడుతున్న దుర్గారావు వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసిన మాట, చేతికందిన క్షణంలోనే వదులుకోవాలంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

"సరిచెయ్యనిది ఉందా అమ్మా?"

"ఉంది నాన్నా. కానీ అందులో డ్రమ్స్ మరీ..."

"తెలుసులే. వెయ్యి." మైకు తీసుకున్నాడు. "అయ్యా, ఇందాకటి పాట పిల్లలు సరిచేసింది. అంత వేగంగా నేను ఎప్పుడూ వాయించలేదు, నాకు రాదు. మేం వాయించింది ఇది."

పాట మొదలైంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఒక మనిషి లేచి కూర్చోవచ్చు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. దుర్గారావు చప్పట్లు ఆపి అయోమయంగా చూశాడు. దస్తగిరి తల దించుకున్నాడు.

అంతలో గొంతు వచ్చింది. బొంగురు గొంతు, లోతుగా, నిదానంగా, ఒక్కో మాటనూ వదల్లేక వదులుతున్నట్టు. వెనక వరసలో నవ్వు ఆగిపోయింది. స్టేజీ మీద దేవదానం మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టేశాడు. సావిత్రి వెళ్ళి బాక్సు పక్కన నిలబడింది. ఎవరో కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు. పాట అయిపోయేదాకా బాక్సు మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది.

పాట అయిపోయింది. రికార్డింగు ఇంకా నడుస్తోంది. ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. ఆ వెనకే కోదండరామయ్య మాట, పక్కన నిలబడి అన్నంత దగ్గరగా: "బావుందిరా దస్తా. ఇంకోసారి."

అక్కడితో ఆగిపోయింది. సబా ఫోను అందుకోబోయింది. సావిత్రి చెయ్యి అడ్డం పెట్టి దస్తగిరి వైపు తిరిగింది.

"ఇంకోసారి అంటున్నారు కదండీ అన్నయ్యగారూ," అంది. "వెయ్యండి."