పేరు చెప్పని ప్రార్థన

నిన్న మా కోడలు కాఫీలో ఏలకుల పొడి వేసింది. ఆ వాసన తగలగానే ప్రొఫెసర్ హాతిం గారి గది గుర్తొచ్చి కప్పు పక్కన పెట్టేశాను. ఎనభైల మొదట్లో, నార్త్ కరోలినాలో, నేనాయన దగ్గర అరబ్బు దేశాల చరిత్రలో రీసెర్చ్ చేసేవాణ్ణి. ఆయన స్వదేశం నుంచి పారిపోయి వచ్చిన అరబ్బు. ఏ దేశమో రాయను, ఆయన చెల్లెళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. కాకినాడ నుంచి వచ్చిన క్రైస్తవుణ్ణి నేను. అరబ్బులన్నా ముస్లింలన్నా ఒకటే అనుకుని మొదటి పేపర్ రాసి పడేశాను. ఆయన అది చదివి, నా ముందు ఏలకుల కాఫీ పెట్టి, ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు.

"నువ్వు తెలుగువాడివా, క్రైస్తవుడివా?"

"రెండూనండీ."

"ఒకటే ఎంచుకోమంటే?"

నేను కప్పు చేతిలోకి తీసుకున్నాను. "మా దేశంలో మమ్మల్ని అలాగే ఎంచుకోమన్నారు, అరబ్బా ముస్లిమా అని," అన్నారాయన.

యువకుడిగా ఆయన అరబ్బు జాతీయవాది. అరబిక్ మాట్లాడేవాళ్ళంతా, ఏ మతమైనా, ఒకే జాతి అని నమ్మారు. తమ్ముడు యూనుస్‌ది వేరే దారి, ఇస్లాం లేని రాజ్యంలో న్యాయం ఉండదంటాడు. అన్నం దగ్గర రోజూ ఇద్దరికీ వాదనే. చివరికి హాతిం గారి పార్టీయే గద్దెనెక్కింది. మసీదులో శుక్రవారం ఏం చెప్పాలో కూడా ప్రభుత్వ కార్యాలయం నుంచే కాగితం రావడం మొదలైంది. దాన్ని విమర్శిస్తూ రాసినందుకు ఈయన దేశం విడవాల్సి వచ్చింది. మసీదులో ప్రసంగించే తమ్ముడు, ఆ కాగితం చదవనన్నందుకు, అజ్ఞాతంలోకి వెళ్ళాల్సి వచ్చింది. "నేను జాతి అన్నాను, వాడు మతం అన్నాడు. పోలీసులకు ఇద్దరం ఒకటే," అనేవారు. ఒకరోజు బెంగ ఆపుకోలేక, తమ్ముడు ఏ ఊళ్ళో దాక్కున్నాడో నాకు చెప్పేశారు.

ఆ శనివారం మా తెలుగు ప్రార్థన కూడికలో నేను ఆగలేకపోయాను. నిజంగా ఆయన మీద ప్రేమతోనే లేచి, ఆయన తమ్ముడి కోసం ప్రార్థన చేయమని విన్నపం చెప్పాను. విన్నపాలు రాసుకునే సుశీల ఆంటీ కలం తీసింది. "పేరు చెప్పు బాబూ, ఊరు కూడా. పేరు పెట్టి ప్రే చేస్తేనే కదా భారం తెలిసేది!" మా దగ్గర అదే అలవాటు. రెండూ చెప్పాను. క్యాంపస్‌లోని తక్కిన విశ్వాసులు కూడా ప్రార్థించాలని ఆవిడ దాన్ని ఇంగ్లీషులో టైపు చేసి నోటీసు బోర్డుకు అంటించింది. నేను చూసి చింపేసరికి నాలుగు రోజులైంది. హాతిం గారి దేశపు విద్యార్థుల్లో ప్రభుత్వానికి కబుర్లు మోసేవాళ్ళున్నారని అందరూ అనుకునేవారు. నెల తిరక్కుండానే యూనుస్‌ను పట్టుకెళ్ళారు. మళ్ళీ ఎవరూ అతన్ని చూడలేదు.

హాతిం గారి దగ్గరికి వెళ్ళి అంతా ఒప్పుకున్నాను, ఏడ్చాను. "నీ కాగితం వల్లో, పక్కింటివాడి వల్లో, నాకెప్పటికీ తెలియదు. మేం ఒకరినొకరం అనుమానించుకుంటూ బతకాలన్నదే వాళ్ళకు కావలసింది," అని ఆయన ఎప్పటిలాగే కాఫీ పోశారు. తాగలేకపోయాను. ఆయన పోయేదాకా నాతో తమ్ముడి పేరు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పటికీ చర్చిలో విన్నపాలు అడిగితే, ఒక సోదరుడి కోసం అని లేస్తాను. "నేమ్ చెప్పండి అంకుల్," అంటారు పిల్లలు. చెప్పను. ఇక్కడ హాతిం అనీ, యూనుస్ అనీ రాసినవి కూడా వాళ్ళ పేర్లు కావు.