తీగ వెంట చిక్కడపల్లికి

అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివిన నాలుగేళ్లలో నాకు బాగా గుర్తున్నవి పాఠాలు కావు, చిక్కడపల్లి గ్రంథాలయంలో చూసిన ఒక బొమ్మల పుస్తకం. ఆఫ్రికాలో, కలహారి ఎడారి ప్రాంతంలో ఉండే సాన్ తెగ స్త్రీ ఒకామె వేసిన చిత్రాలవి. వేటాడి, గడ్డలు తవ్వుకొని బతికిన తెగ. ఆమె పేరు మొదట్లో నాలుకను అంగిలికి కొట్టి పలికే శబ్దం ఉందట. దానికి తెలుగులో అక్షరం లేదు కాబట్టి రాయడం లేదు. మొన్న ఆ పుస్తకం కోసం మళ్లీ వెళ్లాను, ఈసారి ఈదమ్మను తీసుకుని.

ఈదమ్మ నల్లమల చెంచు మనిషి. నేను పనిచేసే బడిలో మధ్యాహ్నం అన్నం వండుతుంది. వాళ్ల గూడెం అడవి లోపలి నుంచి రోడ్డు పక్కకు వచ్చి చాలా ఏళ్లయింది. ఆమె వంటగది గోడ మీద బొగ్గుతో ఆకులు, తీగలు, దుప్పులు గీసేది. గోడకు సున్నం వేశాక మళ్లీ బొగ్గు ముట్టలేదు. పిల్లలు గీయమంటే, అడవే చూడనోళ్లకు గీసి ఏం లాభం అంటుంది. ఆమె మళ్లీ గీయాలని నా ఆశ. అది ఆమెకు చెప్పలేదు. నీలాగే అడవిలో తిరిగిన ఒకామె వేసిన బొమ్మలున్నాయి, చూద్దాం రమ్మన్నాను.

అచ్చంపేటలో ఉదయం ఆరు గంటల బస్సెక్కి తొమ్మిదిన్నరకు మహాత్మాగాంధీ బస్టాండులో దిగాం. అక్కడి నుంచి చిక్కడపల్లి మెట్రోలో మూడో స్టేషనే. కానీ ఈదమ్మ కదిలే మెట్ల ముందు ఆగిపోయింది. నూట ఇరవైకి ఆటో మాట్లాడాను. డ్రైవరుది మహబూబ్‌నగర్ వైపు, అంబర్‌పేట్‌లో కిరాయికి ఉంటున్నాడు. నారాయణగూడలో బండ్లు ఆగినప్పుడు అద్దంలో చూస్తూ అడిగాడు.

"అక్కా, గ్రూప్ వన్ రాయనీకి వచ్చినవా?"

"అవ్ తమ్మీ. నువ్వు గూడ రా, సారు ఇద్దరికీ చెప్తడు."

మేం దిగేదాకా అతను నవ్వుతూనే ఉన్నాడు.

గ్రంథాలయంలో కుర్చీలన్నీ పరీక్షల పిల్లలతో నిండి ఉన్నాయి. అక్కడివాళ్లు పుస్తకం వెతికి ఇచ్చేసరికి అరగంట పట్టింది. కిటికీ గూట్లో పెట్టుకుని, నిలబడే చూశాం. ఇంగ్లీషులో ఉన్నది నేను చదివి చెప్పాను. ఆ బొమ్మలు వేసినామె చిన్నప్పుడు తల్లి వెంట ఎడారంతా తిరిగింది. తర్వాత ఆ నేలకు కంచె పడింది. ఆమె కంచె ఇవతల పశువుల దగ్గర పనికి కుదిరింది. కుంచె పట్టేనాటికి మనవలున్నారు. జింకలు, పక్షులు, కాయలు అన్నీ జ్ఞాపకం మీదే వేసింది.

నాకు ఇష్టమైన బొమ్మ చివర్లో ఉంది. ఎర్రనేల, దాని మీద ఒక తీగ, మూడు ఆకులు. కిందంతా ఖాళీ. ఎండిపోయిన నేల అని పుస్తకంలో రాశారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఈదమ్మ ఆకు మీద వేలు పెట్టి తీగ వెంట కిందికి వచ్చింది. తీగ నేలలోకి దిగేచోట వేలు ఆగింది.

"ఎండలే సారు. తీగె ఇంత లావుంటే లోపల మోచెయ్యంత గడ్డ ఉంటది. ఆమె ఎయ్యలే, గంతే."

ఎందుకు వేయలేదని అడిగాను.

"మల్ల పోయినప్పుడు తవ్వుకుందామని దాసుకున్నది." వేలు తీయకుండానే అడిగింది. "మల్ల పోయిందా?"

చివరి పేజీలో ఉన్నది చెప్పాను. మళ్లీ ఆ నేలకు పోలేదు. కంచె ఇవతలే చనిపోయింది.

ఈదమ్మ చాలాసేపు ఆ ఎర్రనేలనే చూసింది. గీయిద్దామని తీసుకొచ్చి, ఉన్న కాస్త మనసు కూడా విరిచానేమో అనిపించింది.

అశోక్‌నగర్ అక్కడి నుంచి పదిహేను నిమిషాల నడక. హాస్టళ్ల మధ్య ఒక మెస్‌లో తిని, టీ బండి దగ్గర కూర్చున్నాం. పక్కనే పుస్తకాల దుకాణం ఉంది. ఈదమ్మ పెన్సిల్ కావాలంది. ఒక నోటు పుస్తకం కూడా కొన్నాను. ముందు తీగ గీసింది, తర్వాత ఆకులు. ఆ తర్వాత కింద, పీచుతో సహా, గడ్డ గీసింది.

"నేనైతే దాసిపెట్టను. ఎప్పటికన్న పిల్లలు అడవికి పోతరు గద. ఏడ తవ్వాల్నో ఎరుకుండాలె."

నాలుగేళ్లలో ఎన్నోసార్లు ఆ బొమ్మ ముందు కూర్చుని ఇంటి మీద బెంగపడ్డాను. బెంగపడటమే తెలిసింది కానీ, ఖాళీ అనుకున్న నేలలో ఏముందో తెలియలేదు. తిరుగు బస్సులో నోటు పుస్తకం ఈదమ్మ ఒళ్లోనే ఉంది. ఎర్రరంగు కొనాల్సిందని అచ్చంపేట దగ్గరపడ్డాక గుర్తొచ్చింది.

ఆ పుస్తకం కోసం వెళ్లేవాళ్లు ఉదయం తొందరగా వెళ్లండి, మధ్యాహ్నానికి నిలబడే చోటు కూడా దొరకదు. గడ్డలు తవ్విన మనుషులు ఎవరైనా తెలిసుంటే వెంట తీసుకెళ్లండి. చివరి బొమ్మ దగ్గర మీరేమీ చెప్పకుండా, ముందు వాళ్లను చూడనివ్వండి.