రంపపు పొట్టు పాసైన రోజు

మొన్న దగ్గు పట్టుకుంటే అతిమధురం పుల్ల నములుతూ కూర్చున్నాను. ఆ తీపి గొంతు దిగేలోపే వసుంధర మేడం ఎదురుగా వచ్చి నిలబడ్డట్టయింది. నేను చెప్పేవాటిలో సగం జనం నమ్మరు, మిగతా సగం వినరు. ఇది మాత్రం వినండి; కల్పన చాలా తక్కువ.

పాశమైలారంలో మూలికల సారం తీసే చిన్న కంపెనీ ఒకటుండేది. నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి సైకిల్ మీద వెళ్ళి అక్కడి ల్యాబులో సీసాలు కడిగేవాణ్ణి. ఊళ్ళో నన్ను సైంటిస్టు అనుకునేవాళ్ళు. కాదనడం మర్యాద కాదని ఊరుకున్నాను. ఆ ల్యాబుకి పెద్ద వసుంధర మేడం. భర్త ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డారు. ఎంత నిదానమంటే, ఆవిడ ఆలోచిస్తుండగా టీ చల్లారి, ఎండకు మళ్ళీ వేడెక్కి, మళ్ళీ చల్లారేది.

వచ్చిన వేరు అతిమధురమో కాదో తేల్చడానికి అప్పట్లో రోజంతా పట్టేది. రెండువేల సంవత్సరం దాటాక విదేశం నుంచి సన్నటి పట్టీలు వచ్చాయి. వేరు పొడిని ద్రావణంలో కలిపి పట్టీ ముంచితే టీ తాగేలోపు జవాబు. అందులో యాంటీబాడీలుంటాయనీ, అవి అతిమధురంలోని తీపి పదార్థాన్ని గుర్తుపట్టి పట్టుకుంటాయనీ మేడం చెప్పారు. అందరం తల ఊపాం. నేను కాస్త ఎక్కువే ఊపాను.

ఆవిడ సెలవులో ఉండగా లారీ సరుకు వచ్చింది. స్టోర్ చూసే మల్లేశం బస్తాలు దించుకున్నాడు. మేనేజరు గారు స్వయంగా పట్టీ ముంచారు. ఒకటే గీత. ఆయనకు గీతల అనుభవం ఉంది. భార్య కోసం తెచ్చిన మెడికల్ షాపు పట్టీ మీద రెండు గీతలు చూసే అంతకుముందు ఏడాది మాకందరికీ మిఠాయిలు పంచారు. కనుక రెండొస్తే ఉన్నట్టు, ఒకటొస్తే లేనట్టు. సరుకు నకిలీ అనీ, మల్లేశం వ్యాపారితో కుమ్మక్కయ్యాడనీ తేల్చేశారు. తీపిగానే ఉందని అతను మొత్తుకున్నాడు. బెల్లం నీళ్ళు చల్లి అమ్మేవాళ్ళున్న రోజుల్లో నాలుక సాక్ష్యం ఎవరు వింటారు? మర్నాడు మేడం వచ్చేసరికి అతను తాళాలు అప్పజెప్పి గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు.

“మేడం, నా మీద దొంగ పేరు వెట్టిన్రు. ఇంట్ల ఏం మొకం వెట్టుకొని చెప్పాలె?”

మేడం నేరుగా లోపలికొచ్చి పట్టీ చూశారు. “సరుకు మంచిదేనండీ. ఒక్క గీతే రావాలి.”

తర్వాత వివరించారు. పట్టీ పనిచేస్తోందని చెప్పడానికి ఒక గీత ఎప్పుడూ వస్తుందట. రెండో గీత చోట అదే తీపి పదార్థం అతికించి ఉంటుందట. రంగు మోసుకెళ్ళే యాంటీబాడీకి దారిలోనే వేరులోని పదార్థం దొరికితే చేతులు నిండిపోతాయి, అక్కడ ఆగదు, గీత రాదు. దొరక్కపోతే ఖాళీ చేతులతో వెళ్ళి అక్కడ పట్టుకుంటుంది, గీత వస్తుంది. అంటే ఉంటే రాదు, లేకుంటే వస్తుంది. నాకు బుర్ర తిరిగింది. మేనేజరు గారు మాత్రం, ఈవిడకీ వాటా ఉందా అన్నట్టు చూశారు.

మేడం వాదించలేదు. పెట్టెలు కొట్టే వడ్రంగి దగ్గరికి నన్ను పంపి గుప్పెడు రంపపు పొట్టు తెప్పించారు. అందరి ముందూ దాన్ని కలిపి కొత్త పట్టీ ముంచారు. చక్కగా రెండు గీతలు.

మేనేజరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. “పొట్టు పాసైందా?”

“మీ లెక్కలో పాసైందండీ.”

బీరువాలో దాచిన అసలు వేరును పరీక్షిస్తే ఒక్కటే గీత. ఇక మాట్లాడటానికేం లేదు. మేనేజరు గారే గేటు దాకా నడిచి తాళాలు మల్లేశం చేతిలో పెట్టారు. అతను లోపలికొచ్చాక మేడం అందరి ఎదుటా అన్నారు: “తప్పు నాదండీ. మీరంతా తల ఊపారు కదా అని, ఏం అర్థమైందో అడక్కుండా వెళ్ళిపోయాను.”

“ఇగ నన్నైతే అడగకున్రి మేడం,” అన్నాడు మల్లేశం. “నాకిప్పటికీ సమజ్ గాలే.”

ఆనాటి నుంచి కొత్త పట్టీల డబ్బా విప్పితే ముందు పొట్టు ముంచాల్సిందే. పొట్టును కాదని పట్టీ చెప్పాకే, వేరును అవునంటే నమ్మేవాళ్ళం.

మేడం ఇప్పుడు లేరు. ఆ చేతులు నిండే సంగతి నాకు ఇప్పటికీ పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా తోస్తుంది. పొట్టు అలవాటు మాత్రం పోలేదు. థర్మామీటరు కొన్నా, ముందు జ్వరం లేనివాడి చంకలో పెట్టి చూస్తాను. ఈ విద్య మా ఆవిడకి నేర్పడమే పొరపాటైంది. నన్ను ఏదైనా అడగాలనుకుంటే ముందు తనకు జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి వేస్తుంది. అబద్ధం చెప్పేటప్పుడు నా మొహం ఎలా ఉంటుందో తీరిగ్గా చూసుకుని, అప్పుడు అసలుది అడుగుతుంది.