కొత్త కుండ తాగిన నూనె

1958 శివరాత్రికి నన్ను మహానంది తిరునాళ్ళ డ్యూటీకి వేశారు. అప్పుడు నేను నంద్యాల ప్రాంతంలో శానిటరీ ఇన్‌స్పెక్టరును. బావుల్లో మందు కలిపించడం, కలరా సూదులు వేయించడం మా అసలు పని. ఆహార కల్తీ చట్టం వచ్చాక అంగళ్ళలో నమూనాలు తీసే అధికారం కూడా మాకు అప్పగించారు.

నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా పరీక్షలు ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. రసాయన శాస్త్రం నాకు ఏ మేస్టరూ చెప్పలేదు. పాత పుస్తకాల అంగట్లో కొన్న చిరిగిన పుస్తకం చెప్పింది. మా ఆఫీసు హెడ్ గుమాస్తా నన్ను "ఏం సైంటిస్టూ" అని పిలిచేవాడు. ఆయనకు బి.ఏ. ఉండేది. ఆ బి.ఏ.తో ఆయన జీవితంలో ఒక్క సీసా మూత తీసి వాసన చూసిన పాపాన పోలేదు.

ఆ రోజుల్లో నెయ్యిలో వనస్పతి కలపడం పెద్ద బెడద. రెండూ కరిగిస్తే కంటికి తేడా తెలియదు. అందుకు సర్కారు చేసిన ఉపాయం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. వనస్పతి తయారుచేసే ప్రతివాడూ అందులో కొంత నువ్వుల నూనె కలిపి తీరాలని నియమం పెట్టారు. నువ్వుల నూనెలో ఒక గుణం ఉంది. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో చిటికెడు చక్కెర వేసి ఆ నూనెతో కుదిపితే ఆమ్లం ఎర్రబడుతుంది. నెయ్యితో కుదిపితే ఎర్రబడదు. నెయ్యికి ఎరుపు వచ్చిందంటే వనస్పతి కలిసిందన్నమాట. దొంగ జేబుకు ముందే గంట కట్టినట్టు. ఇది ఆలోచించినవాడెవడో గాని చేతులెత్తి మొక్కాలి.

తిరునాళ్ళలో నెయ్యి అమ్ముతున్న సుంకమ్మ దగ్గర నేను నమూనా తీశాను. ఆమెది బేతంచెర్ల పక్క పల్లె. యాభై ఏళ్ళుంటాయి, మొగుడు లేడు, రెండు ఎనుములు, అంటే గేదెలు, ఉన్నాయి. రైల్లో నంద్యాల దాకా వచ్చి, అక్కణ్ణించి బండిలో నెయ్యి కుండ ఒళ్ళో పెట్టుకొని వచ్చేది. పద్ధతి ప్రకారం ఇద్దరు సాక్షుల ముందు నెయ్యిని మూడు పొడి సీసాల్లో పోసి, కాగితం చుట్టి, లక్కతో ముద్రలు వేసి, ఆమె వేలిముద్ర తీసుకున్నాను. ఒక సీసా ఆమెకు, ఒకటి సర్కారు అనలిస్టుకు, ఒకటి మా దగ్గర.

"ఈ సీసా నాకెందుకప్పా?" అని అడిగింది.

"మా పరీక్ష తప్పని నీకు అనిపిస్తే, కోర్టును అడిగి దీన్ని కలకత్తా ప్రయోగశాలకు పంపించుకోవచ్చు. అది నీ హక్కు."

"అట్లయితే జోపానంగా పెట్టుకుంటా. ఇది నా పక్క సాక్షి."

నెల తర్వాత రిపోర్టు వచ్చింది: లేత ఎరుపు, కల్తీ. డాక్టరు గారు, అంటే మా హెల్త్ ఆఫీసరు, కేసు పెట్టమని సంతకం చేశారు. హెడ్ గుమాస్తా నా భుజం తట్టాడు. నేను మాత్రం ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. నెయ్యికి చూసే లెక్కలు ఇంకా ఉంటాయి. వనస్పతి కలిస్తే అవీ కిందుమీదవుతాయి. ఇక్కడ అన్నీ మంచి నెయ్యికి ఉండవలసినట్టే ఉన్నాయి. ఎరుపు ఒక్కటే తేడా.

అనలిస్టుకు ఉత్తరం రాశాను. జవాబు రెండు ముక్కల్లో వచ్చింది: "ఎరుపు ఉందా అని అడిగారు, ఉందని చెప్పాము. ఎక్కడిదని అడగలేదు." మొదట ఒళ్ళు మండింది. తర్వాత ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు.

రిపోర్టు నకలు ఇచ్చే నెపంతో ఆమె పల్లెకు వెళ్ళాను. సుంకమ్మ వాకిట్లో ఎండకు కాలిన బండల మీద ఒక కొత్త కుండ బోర్లించి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రాప్పా, కూర్చో. నా ఎనుములు డబ్బా నెయ్యి తింటాండాయేమో చూసిపోదువు." వనస్పతిని ఆ పక్క డబ్బా నెయ్యి అనేవాళ్ళు. "తప్పు ఒప్పుకో, జరిమానాతో పోతాదని ఊర్లో అందరూ చెప్తాండారు. జరిమానా కడితే కలిపినట్టే గదా? అప్పుడు నా నెయ్యి ఎవురు ముడతారు? నాకుండేది ఆ పేరొక్కటే. నా సీసాను కలకత్తాకు పంపీ సామీ."

మూడు సీసాలూ ఒకే నెయ్యి. ఆమె సీసా కూడా ఎరుపే చూపిస్తుంది. కలకత్తా వాళ్ళ మాటే చివరి మాట. దాని మీద ఇంక వాదన లేదు. ఆమె తన పక్క సాక్షి అనుకున్నదే ఆమెను పట్టిస్తుంది.

బోర్లించిన కుండ వైపు చూసి, "ఆ కుండ ఏమిటమ్మా?" అన్నాను.

"వచ్చే తిరునాళ్ళకు. నూనె తాపి ఎండబెట్టినా."

"నూనె ఎందుకు?"

"కొత్త కుండ శానా దప్పిక మీద ఉంటాదప్పా. మూడు దినాలు నూనె పట్టించి ఎండబెట్టకుంటే, పోసిన నెయ్యంతా అదే తాగుతాది. మీ ఇండ్లలో ఆడోళ్ళు చెప్పలేదా?"

"ఏ నూనె?"

"నువ్వుల నూనె. ఇంకేం నూనె పూస్తారు?"

శివరాత్రికి తెచ్చింది కూడా కొత్త కుండేనని ఆమే చెప్పింది. ఇంట్లో వాడుకునే నెయ్యి ఇత్తడి చెంబులో ఉంది. సీసాను ఇప్పుడే కలకత్తాకు పంపొద్దని చెప్పి, అందులోంచి కొంచెం అడిగి తీసుకున్నాను. అదే నెయ్యి కరిగించి ఆ నూనె తాగిన కుండలో పోయించి, రెండు రోజుల తర్వాత వెళ్ళి అదీ తీసుకున్నాను. ఆఫీసులో కుదిపి చూస్తే చెంబు నెయ్యి ఎర్రబడలేదు. కుండ నెయ్యి ఎర్రబడింది.

డాక్టరు గారికి చెప్పాను. "ఏమయ్యా, కుండను ముద్దాయిని చేయమంటావా?" అన్నారు. నేను సీసాలు ఆయన బల్ల మీద పెట్టి మళ్ళీ కుదిపి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. "కేసు పెట్టింది నువ్వు. తప్పు నీదని కోర్టులో నీ నోటితోనే చెప్పాలి. నీ సర్వీసు రిజిస్టరులో మచ్చ పడితే నేను చెరపలేను" అన్నారు. అయినా, ఆ పరీక్షను కోర్టులో చూపించడానికి అనుమతి అడుగుతూ మేజిస్ట్రేటుకు ఉత్తరం తన చేత్తోనే రాసిచ్చారు. ఆ తర్వాత నేను చాలామంది ఆఫీసర్ల కింద పనిచేశాను. తన సంతకం పడిన కేసు మీద అట్లాంటి ఉత్తరం రాసినవారిని ఇంకొకరిని చూడలేదు.

నంద్యాల కోర్టులో ఆమ్లం సీసా, చక్కెర పొట్లం, మూడు గాజు గొట్టాలు పట్టుకొని నిలబడ్డాను. ఒకదాంట్లో అంగట్లో కొన్న వనస్పతి, ఒకదాంట్లో చెంబు నెయ్యి, ఒకదాంట్లో కుండ నెయ్యి. మేజిస్ట్రేటు కుర్చీ దిగి వచ్చి దగ్గరగా చూశారు. వనస్పతి ముదురు ఎరుపు, చెంబు నెయ్యికి ఏమీ లేదు, కుండ నెయ్యికి లేత ఎరుపు. సుంకమ్మ సీసా కొంగులో మూట కట్టుకొని బోనులో నిలబడి ఉంది.

"ఇకమీదట కుండకు ఏం పూస్తావమ్మా?" అని మేజిస్ట్రేటు అడిగారు.

"నెయ్యే తాపుతా సామీ. తాగితే తాగనీ. ఎనుములు నావి, కుండ నాది. మీ సీసా మాత్రం ఎర్రగా కాకూడదు."

కోర్టులో నవ్వులు వినిపించాయి. కేసు కొట్టేశారు. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆరు నెలలు ఆగింది. విచారించకుండా నమూనా తీశానని రిజిస్టరులో రాశారు. హెడ్ గుమాస్తా ఆ వాక్యాన్ని తన అందమైన దస్తూరితో ఎక్కించాడు. నిజానికి అందులో తప్పేమీ లేదు. నేను విచారించలేదు.

ఆ పరీక్ష మీద నాకు గౌరవం తగ్గలేదు. అది తన పని తాను చేసింది, నువ్వుల నూనె ఉందని చెప్పింది. అది ఎట్లా వచ్చిందో కనుక్కోవడం ఇన్‌స్పెక్టరు పని. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను తీసిన ప్రతి నమూనా పత్రం మీదా పాత్ర ఏమిటి, కొత్తదా పాతదా, దానికి ముందు ఏం పూశారు అని రాశాను. ఫారంలో వాటికి గడి లేదు. అంచున రాసేవాణ్ణి.