పంచె కట్టుకున్న బండి

కళ్యాణదుర్గంలో కుళ్లాయప్ప బండిని చూసి నవ్వని మనిషి లేడు. నవ్వితే నవ్వనీ, అంటాడాయన. ఆర్టీసీ బస్సు తోలి తోలి ఆయన నడుము పాడైంది. రిటైరయ్యాక కూర్చుంటే నొప్పి, నడిస్తే నొప్పి. ఏడాది పొడుగునా మంచం మీద పడుకుని ఇంటి కప్పును చూశాడు. ఆ కప్పు మీది బల్లులకు కూడా ఆయన మొహం మొత్తిందేమో. చివరికి వెల్డింగ్ షాపు అబ్దుల్ గఫూర్ పాత సైకిళ్లను కోసి, మూడు చక్రాలు పెట్టి, ఆ మంచం నవారుతోనే సీటు అల్లించి ఇచ్చాడు. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి, పడుకునే తొక్కాలి. మొదటిరోజు కప్పుకు బదులు ఆకాశం కనబడేసరికి కుళ్లాయప్పకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

భార్య తిప్పమ్మకు మాత్రం ఆ బండి పొడ గిట్టదు. "మూరెడెత్తు ఉండాది. లారీవోనికి కుక్కపిల్లన్నా కనపడుతుంది గానీ నువ్వు కనపడవు" అని రోజూ పోరేది. ఒకనాడు విసిగి తేల్చి చెప్పింది. "అది చెడిపోయి ఎవురన్నా నిన్ను తోసుకోనొచ్చిన పొద్దు, పాత ఇనుముకు ఏసేస్తా. మళ్లీ మాట్లాడేది లేదు."

"సరే పో" అన్నాడు కుళ్లాయప్ప. సర్వీసులో ఏనాడూ ప్యాసింజర్లను దింపి బస్సు తోయించలేదని ఆయనకు మహా గర్వం. ఒప్పుకున్నాడు గానీ, మళ్లీ ఆ కప్పు కింద పడుకోవాల్సి వస్తుందేమోనని లోపల భయమే.

ఆషాఢంలో ఒక పొద్దున తనకు తానే "రైట్ రైట్" చెప్పుకుని బయలుదేరాడు. ఎదురుగాలిలో పడమటి రోడ్డు పట్టి, మేకలను పలకరిస్తూ, తీరిగ్గా ఊరు దాటి చాలా దూరం పోయాడు. అక్కడ గఫూర్ మూడు చైన్లు కలిపి చేసిన పొడుగాటి చైను పుటుక్కున తెగింది. పెడళ్లు ఉత్తినే గిరగిర తిరిగాయి.

నడుముతో బండిని లాగలేడు. గఫూర్‌కు ఫోన్ చేస్తే ఆటోలో వేసుకుని ఊరంతా చూడగా తెస్తాడు. ఏం చేయాలో తోచక, బస్సు ఆగిపోతే డ్రైవర్లు చేసే పనే చేశాడు. వెనక వచ్చే బండ్లకు తెలిసేలా పక్కనున్న చెట్టు నుంచి కొమ్మలు విరిచి బండి చుట్టూ పెట్టాడు. అది వేపచెట్టు. తరువాత నడుము పట్టేసి సీట్లో వాలిపోయాడు.

ఊరివైపు పోతున్న గంగాధర్ షేర్ ఆటో ఆగింది.

"ఏమైందన్నా, తోసేదా?"

"ఏం కాలే. పండుకోనుండా."

ఆటోలో ఉన్న పక్కింటి పుష్పావతి చుట్టూ వేపమండలు చూసింది, ఎండకు కమిలి ఎర్రబడిన మొహం చూసింది. "ముట్టుకోవద్దండప్పా, అన్నకు అమ్మవారు పోసినట్లుండాది" అంది. దిగబోయిన గంగాధర్ మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.

కాదని చెప్పబోయిన కుళ్లాయప్ప నోరు మూసుకున్నాడు. అమ్మవారైతే ఎవరూ తోయరు. "అంతా ఆ తల్లి దయ" అన్నాడు. పుష్పావతి ఒక మజ్జిగ సీసా దూరాన పెట్టి, దండం పెట్టుకుని వెళ్లిపోయింది.

మజ్జిగ తాగాక గానీ ఆయనకు బుర్ర వెలగలేదు. ఆ ఆటో నేరుగా తన వీధికే పోతోంది. తిప్పమ్మ చెవిన పడితే అమ్మవారని కూడా చూడకుండా వీధివాళ్లను వెంటేసుకొచ్చి తోసుకుపోతుంది. కొండ మీద గాలిమరలు జోరుగా తిరుగుతున్నాయి. వచ్చేటప్పుడు ఎదురైన గాలి ఇప్పుడు వెనకనుంచి వీస్తోంది. ఊరివైపు కొంచెం పల్లం కూడా. కుళ్లాయప్ప అటూ ఇటూ చూసి పంచె విప్పాడు. పొడుగాటి వేపకొమ్మను బండి ముందు గొట్టానికి కట్టి, దానికి పంచె బిగించాడు. పంచె పొట్టలా ఉబ్బింది, బండి కదిలింది.

చారల డ్రాయరుతో, పంచె పక్కనుంచి తొంగి చూస్తూ, మాజీ డ్రైవర్ కళ్యాణదుర్గంలోకి వచ్చాడు. టీ హోటల్ దగ్గర ఎవరి చేతిలోదో గ్లాసు జారింది. ఆయన ఎవరివంకా చూడలేదు. ఇంటిముందు బ్రేకు పట్టాడు.

తిప్పమ్మ మిద్దె మీదనుంచి పరుగున దిగి వచ్చింది.

"ఎవురూ తోయలే" అన్నాడు మొదట.

ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. మొహమంతా వెతికింది. ఒక్క పొక్కూ లేదు. తిడుతుందని ఆయన కాచుకున్నాడు. ఆమె మిద్దెకున్న పిట్టగోడకేసి చూపించింది.

"నువ్వు పోయిన ప్రతి పొద్దూ ఆడ నిలబడి చూస్తాండా. ఒక్కనాడూ వచ్చేది అగపడలే. ఇల్లు చేరేదంకా నాకు పానం పానంలో ఉండదు. ఈ పొద్దు ఆ పంచె ఎత్తున ఎగరబట్టి మలుపు అవతల్నించే అగపడితివి."

ఆమె లోపలికి పోయి తన ఎర్రచీర కొంగు చించి తెచ్చింది. వేపకొమ్మ మీదనుంచి పంచె విప్పి ఆయన మీదికి విసిరి, ఆ స్థానంలో కొంగు ముడివేసింది.

"ముందు పంచె కట్టుకో, మానం పోతాండాది."

గఫూర్ చైను అతికించిన మరునాడు కుళ్లాయప్ప సీట్లో వాలి, నెత్తిన ఎర్రకొంగు రెపరెపలాడుతుంటే "రైట్" అనబోయాడు. అంతలో మిద్దె మీదనుంచి తిప్పమ్మ గొంతు వినబడింది.

"రైట్ రైట్."