అరల మీద సుద్ద గుర్తులు

అక్క చనిపోయిన నెలకి బావ ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. రేపు తాళాలు అప్పగించేలోగా అక్క చేతి గడియారం దొరకాలని చెల్లెలు అరలన్నీ వెతుకుతోంది. ఆమె కోరుకున్నది అదొక్కటే. ప్రతి తలుపు లోపలా సుద్దతో కొట్టిన ఇంటూ గుర్తు కనబడుతోంది.

అది అక్క అలవాటు. కంటికి కనబడకుండానే గెలాక్సీలను చెదరనివ్వని కృష్ణపదార్థం ఏ కణాలతో ఏర్పడిందో ఆమె లెక్కకట్టేది. భూగర్భంలో పరికరాలు పెట్టినవాళ్లు ఆ కణాల కోసం వెతికేవాళ్లు. ఏళ్లుగా నమ్ముకున్న కణం లేదని కబురొచ్చిన రోజున బోర్డు మీద దానికి ఇంటూ కొట్టేసి, ఇంటికొచ్చి బావ కళ్లజోడు వెతకడంలో పడింది. చూసిన అరకల్లా సుద్ద గుర్తు పెట్టింది.

"ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరేనా అక్కా?" అని ఆ రోజు చెల్లెలు వాపోయింది.

"పిచ్చిమొద్దూ, అక్కడ లేదని తేలిందిగా! చూసిన చోటే మళ్లీ చూసే బాధ తప్పింది. ఈ తెలివి మీ బావకుంటే జోడు నెత్తిన పెట్టుకుని ఇల్లు పీకి పందిరేస్తాడా?"

జోడు నిజంగానే ఆయన నెత్తిమీదుంది.

ఇప్పుడు ఈ గదిలో చివరి అరా ఖాళీయే.

"దొరికిందా అమ్మడూ?" గుమ్మంలోంచి బావ అడిగాడు.

చెల్లెలు మూలనున్న సుద్దముక్క తీసి, అక్క గుర్తు పక్కనే తనూ ఒకటి గీసింది.

"ఇందులో లేదు బావా. ఇంకా వంటిల్లు చూడాలి."