సగం సగం తీసిన ఫోటో

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంటు పచ్చికలో పక్క ఫ్లాటు వాళ్ళు కుటుంబమంతా కలిసి ఫోటో దిగారు. నేను బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. పెద్దావిడ మధ్యలో కుర్చీలో, చుట్టూ కొడుకులూ కోడళ్ళూ మనవలూ. చిన్నకొడుకు మాత్రం లేడు, గచ్చిబౌలి ఆఫీసులో పని తెమల్లేదట. ఆవిడ ముఖం చిన్నబోవడం చూసి ఫోటోగ్రాఫరు, "పర్వాలేదు ఆంటీ, ఆయన ఫోటో ఒకటి ఫోన్లో పంపండి, మీ పక్కన నిలబెట్టేస్తాను" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. యాభై ఏళ్ళ కిందట ఇదే గోపన్‌పల్లిలో మా మామగారు అచ్చంగా ఇలాంటి పనికే పూనుకున్నారు. ఆ రోజు ఆయన పక్కన తెల్ల దుప్పటి పట్టుకుని నిలబడ్డది నేనే.

మా మామగారిది తెనాలి వైపు. డెబ్భైల మొదట్లో శేరిలింగంపల్లి స్టేషను దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని స్టూడియో పెట్టారు. గది ఎంత చిన్నదంటే, నలుగురు నిలబడితే కెమెరా వెనక మామగారికే చోటుండేది కాదు. అందుకని ఎక్కువ ఫోటోలు బయటే తీసేవారు. ఎండలో నిలబెడితే కళ్ళు గుంటలు పడతాయని నీడ వెతికేవారు, ఆ నీడలో ముఖం నల్లబడకుండా ఎదురుగా నా చేత తెల్ల దుప్పటి పట్టించి వెలుగు మళ్ళించేవారు. "గడ్డం కొంచెం దించండి" అనేది ఆయన ఊతపదం. ఒకసారి గడ్డం పెంచుకున్న ఒకాయన, "మొక్కున్నది సారు, కొండకు పోయినంకనే దించుత" అని లేచి వెళ్ళిపోబోయాడు. నెగటివు మీద సన్నటి పెన్సిలుతో మచ్చలూ ముడతలూ దిద్దే పని నాది. కోడలు పరాయివాళ్ళ ముఖాలు పట్టుకుని కూర్చుంటుందని మా అత్తగారు సణిగేవారు గానీ, ఆవిడ ముఖం మాత్రం నా చేతే రెండుసార్లు దిద్దించుకున్నారు.

ఒకరోజు గోపన్‌పల్లి నుంచి ఒక రైతు వచ్చాడు. నలభై దాటిన మనిషి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అమ్మకు కండ్లకు పొరలొచ్చినయి సారు. ఇంకా ఆలస్యమైతే చూపు రాదంటున్నరు డాక్టర్లు. దవాఖానకు పోదమంటే, ముందుగాల నన్నూ తమ్మున్నీ చెరో పక్క పెట్టుకుని ఒక ఫోటో దిగుతనంటది. అప్పటిదాంక బండెక్కదంట."

"దానికేముందండీ, వస్తాను" అన్నారు మామగారు.

"నేను వాని పక్కకు నిలబడ" అన్నాడతను.

మర్నాడు తమ్ముడు వచ్చి అదే మాట అన్నాడు. అతని నొసటి మీద ఎడమ కనుబొమ దాకా దిగిన పొడుగాటి మచ్చ ఉంది. తండ్రి పోయాక బావి నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, అన్న పార ఎత్తాడు. అప్పటి నుంచి మూడేళ్ళుగా మాటల్లేవు. తల్లి ఒక నెల పెద్దవాడి ఇంట్లో, ఒక నెల చిన్నవాడి ఇంట్లో ఉండేది.

మామగారు రెండు రోజులు ఆలోచించి ఉపాయం చెప్పారు. కెమెరా కంటికి సగం అట్ట అడ్డుపెట్టి ముందు తల్లినీ పెద్దవాణ్ణీ తీస్తారు. అతను వెళ్ళాక అట్ట రెండోవైపుకు మార్చి, అదే ఫిల్ము మీద చిన్నవాణ్ణి తీస్తారు. నడుమ వచ్చే నల్లటి చార నేను పెన్సిలుతో పూడ్చాలి. తల్లికి నీడలు తప్ప ఏమీ ఆనదు కాబట్టి కొడుకులిద్దరూ వెనకే ఉన్నారనుకుంటుంది. ఇద్దరూ ఒప్పుకున్నారు. "ఆవిడని మోసం చేసినట్టు కాదా మామయ్యగారూ?" అన్నాను. "చూపు ముఖ్యమమ్మా" అన్నారు గానీ నా వైపు చూడలేదు.

వాళ్ళ ఇంటి వెనక తాటి చెట్టంత రాతి గుండు ఉండేది. పొద్దున ఆ రాతి నీడలో కుర్చీ వేసి ముసలమ్మను కూర్చోబెట్టాం. కొత్త చీర గరగరలాడుతోంది. పెద్దవాడు వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు. చిన్నవాడు ఇంటి అవతల ఉన్నాడు. "ఇద్దరూ కదలకండి" అన్నారు మామగారు. ఎన్నడూ అబద్ధమాడని మనిషి, ఆ 'ఇద్దరూ' అనేటప్పుడు తడబడ్డారు. మొదటి సగం అయింది. పెద్దవాడు చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా పశువుల కొట్టం దాకా వెళ్ళాడు. చిన్నవాడు వచ్చి ఎడమపక్కన నిలబడ్డాడు.

మామగారు అట్ట మారుస్తుండగా ముసలమ్మ అడిగింది. "పెద్దోడా, ఉన్నవా?"

కాసేపటికి కొట్టం దగ్గర నుంచి, "ఉన్ననమ్మా" అని వినిపించింది.

ఆమె మెడ కూడా తిప్పలేదు, రాయిలా కూర్చుంది. ఆ క్షణంలోనే మామగారు రెండో సగం తీసేశారు. "అయిపోయిందమ్మా, లేవండి" అన్నారు.

"అయిపోలే" అందామె. "పెద్దోని గొంతు కొట్టం కాడికెల్లి వచ్చింది. వాడొచ్చి నిలబడేదాంక నేను లేవ."

చిన్నవాడు వెళ్ళబోతే ఆమె వెనక్కి తడిమి మణికట్టు పట్టుకుంది. గుంజుకోవాలంటే అతనికి నిమిషం పట్టదు. గుంజుకోలేదు. దవడలు బిగించి నిలబడ్డాడు. పెద్దవాడు కొట్టం గుంజను ఆనుకుని కదలడంలేదు. పొద్దెక్కుతున్నకొద్దీ గుండు నీడ వెనక్కి జరుగుతోంది. ఎండ ముందు ఆమె పాదాలను తాకింది, తర్వాత మోకాళ్ళ మీదికి, ఒళ్ళోకి వచ్చింది. పెద్దకోడలు గడపలో నిలబడి నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. ఎండ ముఖం మీదికి వచ్చేసరికి ముసలమ్మ కళ్ళలోంచి నీళ్ళు కారసాగాయి. నేను ఆగలేక దుప్పటి ఆమె తలకు అడ్డం పట్టాను.

"తియ్యి బిడ్డా" అంది మెల్లగా.

తీశాను. ఆమె తల ఒక పక్కకు ఒరిగింది, మళ్ళీ నిలబెట్టుకుంది. అప్పుడు పెద్దవాడు కదిలాడు. చెప్పులు అక్కడే వదిలేసి, తల ఎత్తకుండా వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు. తమ్ముడు ముఖం అటు తిప్పుకున్నాడు. ముసలమ్మ రెండో చెయ్యి పైకెత్తి గాలిలో వెతుకుతుంటే, పెద్దవాడు కాసేపు చూసి తన చెయ్యి ఇచ్చాడు. వెలుగు ఏ మాత్రం బాగాలేదు. మామగారు గడ్డం దించమనలేదు, ఇటు చూడమనలేదు. మిగిలిన ఒక్క ఫిల్మూ పెట్టి తీసేశారు.

రెండు రోజుల తర్వాత వాళ్ళు ముగ్గురూ ఒకే బండిలో దవాఖానకు వెళ్ళారని విన్నాం. దారి పొడుగునా అన్నదమ్ములు మాట్లాడుకోలేదట, అయినా ఒకే బండి.

నెలన్నర దాటాక ముసలమ్మ దళసరి కళ్ళద్దాలతో స్టూడియోకు వచ్చింది. చిన్నకొడుకు లోపలికి తీసుకొచ్చాడు, పెద్దకొడుకు బయట అరుగు మీద కూర్చున్నాడు. మామగారు రెండు ఫోటోలూ ఆమె ముందు పెట్టి, దేన్ని ఎలా తీశారో దాచకుండా చెప్పి, క్షమించమన్నారు. సగం సగం తీసినది అద్భుతంగా వచ్చింది. చార పూడ్చడానికి నాకు మూడు రోజులు పట్టింది. రెండోది పాడైనట్టే. మిట్ట ఎండకు ముగ్గురి కళ్ళూ నల్లటి గుంటలు, పెద్దవాడి ముఖం కదిలి మసక, చిన్నవాడి నొసటి మచ్చ తళతళా మెరుస్తోంది. ఆమె పాడైన దాన్నే తీసుకుంటుందని నేను గట్టిగా నమ్మాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు.

ఆమె రెండింటినీ కళ్ళద్దాలకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. మొదటి ఫోటోలో చిన్నవాడి నొసటి మీద వేలు పెట్టి, "దెబ్బ ఏది?" అంది.

"నేనే తుడిచానమ్మా" అన్నాను భయంగా. అలవాటు కొద్దీ చేసిన పని.

"మంచిగ చేసినవ్ బిడ్డా. గిది గోడకు పెట్టుకుంట. వచ్చినోళ్ళు నా కొడుకులను గిట్లనే చూడాలె."

"మరి ఇది?" అన్నాను రెండోది చూపిస్తూ. "నిజంగా కలిసి నిలబడ్డది ఇందులోనే కదమ్మా."

"అది నాకు యాదికున్నది. దానికి ఫోటో ఎందుకు?" అంది. చిన్నకొడుకు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత నెల మారినప్పుడల్లా ఆమె మూటతో పాటు ఆ ఫోటో కూడా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారేదట. దాన్ని అందించేటప్పుడు అన్న, "జర పైలం, అద్దమున్నది" అనేవాడనీ, తమ్ముడు "ఆఁ" అనేవాడనీ పెద్దకోడలు ఒకసారి నాకు చెప్పింది. అంతకు మించి వాళ్ళు కలిశారో లేదో నాకు తెలియదు. ముసలమ్మ పోయింది, మామగారు పోయారు, పొలాలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. గుండును కూడా మందుపెట్టి పేల్చేశారు. ఆ రోజు ఎండ ఆమె పాదాల నుంచి ముఖం దాకా ఎక్కిన ఆ కాస్త సేపు ఎంతకీ గడవలేదు. దాని తర్వాతి యాభై ఏళ్ళు ఎప్పుడు గడిచాయో నాకు తెలియనే లేదు.